పాత యంత్రములకు మేలుకొలుపు

హైదరాబాదునుండి కర్నూలు దారిని దక్షిణముగా సాగిపోవువారికి ఏబది అరువది కిలోమీటర్ల దూరమున తగులు షాద్‌నగరు, 2016లో జిల్లాల సరిహద్దులు మారి రంగారెడ్డి జిల్లాలో చేరువరకు, మహబూబ్‌నగరు జిల్లాకు ఉత్తరపు వాకిలిగా ఉండెను. సీతాఫలములకు పేరుగన్న బాలానగరు దానికి సమీపముననే కలదు. ఈ మెట్టభూముల నడుమ 1979 ప్రాంతమున జాతీయ దూరసంవేదన సంస్థవారు ఒక భూకేంద్రమును నెలకొల్పి, సుమారు 900 కిలోమీటర్ల ఎత్తున ధ్రువములమీదుగా తిరుగుచున్న అమెరికా ఉపగ్రహము లాండ్‌శాట్ పంపు చిత్రములను అందుకొనసాగిరి. ఆ చిత్రమొక్కొక్కటి 185 కిలోమీటర్ల చదరము. పాలమూరు ఎఱ్ఱనేలలును, నల్లగొండ రాతిగుట్టలును, వానికి దక్షిణపు హద్దుగా ప్రవహించు కృష్ణయు, అందు నాగార్జునసాగరపు జలరాశియు ఇంచుమించు ఒక్క చిత్రములో ఇముడునంతటి విస్తారము.

అయితే ఉపగ్రహము పంపునది మనము గోడకు వ్రేలాడదీయు పటము వంటిది కాదు, సంఖ్యల రాశి. ఒక్కొక్క వరుసకు 3240 బిందువులు, అట్టి వరుసలు 2340, ఒక్కొక్క బిందువునకు నాలుగు వర్ణపట్టీలలో నాలుగు విలువలు. అన్నియు గుణించిన మూడు కోట్లకు పైబడును. భూభ్రమణమువలన కలిగిన వంకరను దిద్దవలెను, ఉపగ్రహపు ఊగిసలాటను తొలగించవలెను, ఎఱ్ఱని పట్టీతో పరారుణ పట్టీని పోల్చి పైరెచట పచ్చగా ఉన్నదో బీడెచట పరచుకొన్నదో తేల్చవలెను. ఇట్టి గణనభారమును ఒక్క శాస్త్రజ్ఞుని బల్లమీదనే మోయగల యంత్రములు కావలెనను కోరికనుండియే 1980లలో వర్క్‌స్టేషన్లు అను జాతి పుట్టినది. సన్, డిజిటల్, సిలికాన్ గ్రాఫిక్స్, హ్యూలెట్ ప్యాకార్డ్ మున్నగు సంస్థలు పెద్ద తెరయు, యూనిక్సు ఆపరేటింగ్ సిస్టమును, నెట్‌వర్కు తీగయు గల ఈ యంత్రములను, ఆనాటి ఇంటి కంప్యూటర్లకు అనేక రెట్ల వెలకు అమ్మెను.

ఇప్పుడా యంత్రములు పాతసామాను కొట్లకును కళాశాలల వెనుక గదులకును చేరినవి. లోహము చెడలేదు, ప్రాసెసరు నేటికిని లెక్క తప్పదు, కాని వానికొరకు వ్రాయబడిన ఆపరేటింగ్ సిస్టములను పోషించు నాథులు లేరు. అందుచే వానిని తిరిగి నడపగోరువారు మూలము బహిరంగముగా ఉన్న లినక్సును ఆశ్రయింతురు. తెలుగువారికి లినక్సు పరాయిది కాదు. 2005లోనే హైదరాబాదు కార్యకర్తలు దానిని ‘స్వేచ్ఛ’ అను పేర తెలుగు ముఖముతో వెలువరించిరి. ఆల్ఫా, స్పార్క్, మిప్స్, పి.ఎ.రిస్క్ అను భిన్న ప్రాసెసర్లన్నింటిమీద నడుచునట్లు లినక్సు కెర్నెలును, అనగా దాని మూలభాగమును, మలచినవారును కలరు. మరి చిక్కెక్కడ? కెర్నెలు నడుచుటలో కాదు, కెర్నెలును మెమరీలోనికి చేర్చి దానికి తొలి అడుగు వేయించుటలో.

విద్యుత్తు అందిన క్షణమున కంప్యూటరు స్థితి విచిత్రమైనది. మెమరీ శూన్యము. డిస్కులో సర్వమును కలదు. కాని డిస్కును చదువుటకు ఒక కార్యక్రమము కావలెను, ఆ కార్యక్రమము డిస్కులోనే ఉన్నది. నల్లగొండ, పాలమూరు చేలలో బావిగట్టున పంపుసెట్టు నడిపిన రైతుకు ఈ చిక్కు క్రొత్తది కాదు. అడుగున ఫుట్‌వాల్వు కారి పైపు ఎండినచో మోటరు ఎంత తిరిగినను గాలినే త్రిప్పునుగాని నీటిని ఎత్తదు. నీటిని ఎత్తవలెనన్న ముందు పైపులో నీరుండవలెను. అందుచే అతడు బిందెడు నీరు తెచ్చి పైనుండి పోసి, మోటరును పట్టించి, పిదప బావినీటిని రప్పించుకొనును. కంప్యూటరులో ఆ తొలి బిందెడు నీటి పని చేయునది, మదరుబోర్డుమీద చిన్న చిప్పులో శాశ్వతముగా నిక్షిప్తమైయుండు ఫర్మ్‌వేరు.

ఈ ఏర్పాటు లేని కాలమొకటి ఉండెను. అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున 1967లో హైదరాబాదున వెలసిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇ.సి.ఐ.ఎల్. తొలినాళ్లలో తయారుచేసిన టి.డి.సి.-12 పన్నెండు బిట్ల పదము గల యంత్రము. అదే తరగతికి చెందిన అమెరికా యంత్రము, డిజిటల్ సంస్థవారి పి.డి.పి.-8, 1965లో వెలువడినది. పి.డి.పి.-8ను మేలుకొల్పువాడు యంత్రపు ముఖఫలకముమీద వరుసగా ఉన్న పన్నెండు మీటలను పైకి క్రిందికి వేయుచు, ఒక్కొక్క ఆదేశమును ద్విసంఖ్యారూపమున మెమరీలో పెట్టవలసియుండెను. అట్లు చేతితో పెట్టిన పదునైదు ఇరువది ఆదేశములు రంధ్రముల కాగితపుచుట్టనుండి కొంచెము పెద్ద కార్యక్రమమును చదువును. అది అసలు కార్యక్రమమును చదువును. ఆపరేటర్లకు ఆ ఆదేశములు కంఠస్థమై ఉండెడివి. చదువరులు దీనిని అనాగరికమని తలంపవచ్చును గాని, నా దృష్టిలో ఆ పద్ధతికి ఒక గొప్ప గుణము కలదు: తొలి కార్యక్రమము మనుష్యుని చేతిలో ఉండెను గనుక, ఎట్టి కార్యక్రమమునైనను ఎచటినుండియైనను ఎక్కించు స్వాతంత్ర్యము అతనిదే.

చిప్పు వచ్చి ఆ శ్రమను తొలగించి, వెంటనే ఆ స్వాతంత్ర్యమును కూడ హరించినది. ఫర్మ్‌వేరును రచించినవారు తమనాటి డిస్కులను, తమ సంస్థ ఆపరేటింగ్ సిస్టమును మాత్రమే మనస్సున ఉంచుకొని, ఏ పరికరమునుండి, ఎన్ని బైట్లు, ఏ రూపమున ఉన్నవానిని, ఎచటికి చేర్చవలెనో నిర్ణయించి, ఆ నిర్ణయములను చిప్పులో ముద్రించి, తాము విశ్రాంతి తీసికొనిరి. ముప్పది సంవత్సరముల పిదప పుట్టిన కెర్నెలు, తాను ఎంత విద్వత్తు గలదైనను, ఆ ద్వారమునకు తగినట్లు వంగియే లోపలికి ప్రవేశింపవలెను.

ఈ విషయమున సన్ సంస్థ యంత్రములు మిక్కిలి ఉదారములు. 1989లో వెలువడిన స్పార్క్‌స్టేషన్ 1 మొదలుకొని వారు అమర్చిన ఓపెన్‌బూట్ అను ఫర్మ్‌వేరును మిచ్ బ్రాడ్లీ అను ఇంజనీరు రూపొందించెను. అది కేవలము డిస్కు చదువు పనిముట్టు కాదు, ఫోర్త్ అను ప్రోగ్రామింగు భాషను అప్పటికప్పుడు అర్థము చేసికొను వ్యవస్థ. కీబోర్డుమీద ‘స్టాప్’, ‘ఎ’ అను మీటలను ఒక్కమారు నొక్కిన నడుచుచున్న ఆపరేటింగ్ సిస్టము ఆగిపోయి, తెరమీద ‘ఓకే’ అను పలుకు నిలుచును. అచట ‘2 3 + .’ అని కొట్టిన 5 అని బదులు వచ్చును. యంత్రమునకు ఇంకను ఆపరేటింగ్ సిస్టమే లేకున్నను దానితో సంభాషింపవచ్చునన్నమాట. అంతకంటె గొప్పది మరియొకటి: విస్తరణ కార్డులు తమ్ము నడపు కార్యక్రమమును ఎఫ్‌కోడ్ అను సంక్షిప్త రూపమున తమ చిప్పులోనే తెచ్చుకొనును గనుక, ఫర్మ్‌వేరు వ్రాయునాటికి పుట్టని కార్డునుండి సైతము యంత్రము మేలుకొనగలదు.

ఐనను దానికిని హద్దులు కలవు. డిస్కునుండి చదువుటకు పాత ఓపెన్‌బూట్ వాడు చిన్న స్కసీ ఆదేశములో చిరునామాకు 21 బిట్లే చోటు. రెండును ఇరువదియొక్క మారులు హెచ్చించి, ఒక్కొక్క ఖండమునకు 512 బైట్ల చొప్పున లెక్కించిన సరిగా ఒక గిగాబైటు వచ్చును. అంతకు ఆవల ఎంత డిస్కున్నను ఫర్మ్‌వేరునకు అది లేనట్లే. కెర్నెలు మేలుకొన్న పిదప దానికి సర్వమును కనబడును, కాని మేలుకొనుటకు ముందే దాని ఫైలు ఆ హద్దును దాటి పడియుండిన చదువు నడిమిలో ఆగిపోవును. నేర్పరులు డిస్కు తొలిభాగమున చిన్న విభాగమును చేసి కెర్నెలును అందుంచి, యాకుబ్ యెలినెక్ రచించిన సైలో అను బూటులోడరు ద్వారా పిలుతురు. నాటి సీడీ డ్రైవుల సంగతియు ఇట్టిదే: ఫర్మ్‌వేరు 512 బైట్ల ఖండములను కోరును, సామాన్య డ్రైవు 2048 బైట్ల ఖండములనే ఇచ్చును; ఖండపు పరిమాణమును మార్చుకొనగల డ్రైవు దొరకనిచో చక్కని సీడీ కూడ నిరుపయోగము.

డిస్కును సీడీని విడిచి నెట్‌వర్కునుండి మేలుకొల్పు దారి మరియు ఆసక్తికరము. ‘బూట్ నెట్’ అని ఆజ్ఞాపింపగనే యంత్రము తన ఈథర్నెట్టు చిరునామాను చాటుచు, ‘నా ఐపీ చిరునామా ఏది?’ అని రార్ప్ అను 1984 నాటి మర్యాద ప్రకారము తీగమీద అడుగును. ఈ ప్రశ్న రౌటరును దాటదు; అందుచే జవాబు చెప్పు కంప్యూటరు ఆ తీగమీదనే ఉండవలెను. జవాబు వచ్చిన పిదప టీఎఫ్‌టీపీ అను మరియొక మర్యాద ద్వారా ఒక ఫైలును కోరును, ఆ ఫైలు పేరేమో తన ఐపీ చిరునామాయే, షోడశాంశ సంఖ్యలలో పెద్ద అక్షరములతో. 192.168.1.2 గల యంత్రము సి0ఏ80102 అను ఫైలును అడుగును, యంత్రజాతిని బట్టి చివర సన్‌4సి వంటి తోకను కూడ తగిలించును. చిన్న అక్షరములతో పేరు పెట్టినవానికి ఫైలు లేదను సమాధానమే దక్కును. ఇంతయు సరిపోయినను కెర్నెలు ఎ.అవుట్ అను ప్రాచీన రూపమున ఉండవలెను. లినక్సు లోకము 1990ల నడుమనే ఎల్ఫ్ అను రూపమునకు మారిపోయినది గనుక, క్రొత్త కెర్నెలుకు పాత తొడుగు తొడిగి పంపవలెను. అదియును చిన్నదిగా ఉండవలెను. నేటి సామాన్య కెర్నెలు పది మెగాబైట్లు దాటుట అరుదు కాదు. పాత ఫర్మ్‌వేరు ముందుగా అమర్చి ఇచ్చు మెమరీ అంతకు చాలదు. కావున ఆ యంత్రమునకు అక్కఱలేని డ్రైవర్లనెల్ల తీసివేసి, దానికొక్కదానికే కెర్నెలును ప్రత్యేకముగా కంపైలు చేయుట ఈ విద్యలో నిత్యకృత్యము.

ఇక మృత్యువు ఒకటి ఈ యంత్రములలో ముందే పొంచియున్నది. స్పార్క్‌స్టేషను తన గుర్తింపును, బూటు అమరికలను 48టి02 అను చిప్పులో దాచుకొనును. దాని నెత్తిన లిథియం బ్యాటరీ ఎపాక్సీలో మూసి అతుకబడియుండును. దాని ఆయువు ఇంచుమించు పది సంవత్సరములు. అది ఎండిపోయిన నాడు యంత్రము తన ఈథర్నెట్టు చిరునామాను మఱచి, గుర్తింపు సమాచారము చెల్లదని తెరమీద విలపించును. చిరునామా లేనివాడు నెట్‌వర్కునుండి బూటు కాజాలడు. ఔత్సాహికులు దీనికి రెండు ఉపాయములు కనిపెట్టిరి. ఓపిక గలవారు ఎపాక్సీని ఆకురాయితో ఒరసి తీగలను బయటపెట్టి, గడియారపు దుకాణములలో దొరకు బిళ్ల బ్యాటరీని కలుపుదురు. తక్కినవారు ‘ఓకే’ వద్ద ఎం.కె.పి. అను ఆజ్ఞతో పదునారు బైట్లను చేతితో నింపుదురు. మొదటి పదునైదింటిని ఎక్స్‌క్లూజివ్ ఆర్ అను క్రియతో కలిపిన వచ్చునది పదునారవది. పి.డి.పి.-8 ముందు నిలిచిన ఆపరేటరు మీటలు వేసినట్లే ఇచటను మనుష్యుడు యంత్రమునకు తొలి సంఖ్యలను తానే చెప్పుచున్నాడు. ఇదే సౌకర్యము ఫర్మ్‌వేరు మాటలాడనేరని యంత్రములలో లేదు. అచట బ్యాటరీ పోయిన కథ ముగిసినట్లే.

డిజిటల్ సంస్థవారి ఆల్ఫాది మరియొక చరిత్ర. 1992లో ప్రకటింపబడిన ఆ 64 బిట్ల ప్రాసెసరు తన కాలమున అతివేగవంతము. 1994లో ఆ సంస్థలోని జాన్ హాల్ పూనికచే లినక్సు కర్తయగు లినస్ టోర్వాల్డ్స్‌కు ఒక ఆల్ఫా యంత్రము అందుటయు, 1995 మార్చిలో వెలువడిన లినక్సు 1.2లో ఆల్ఫాకు చోటు దొరకుటయు, లినక్సు ఇంటెల్ గడపను దాటుటలో ముఖ్య ఘట్టములు. కాని ఆల్ఫా యంత్రములకు ఫర్మ్‌వేర్లు రెండు: సంస్థవారి సొంత ఆపరేటింగ్ సిస్టములకొరకు ఎస్.ఆర్.ఎం., విండోస్ ఎన్‌టికొరకు ఆర్క్.

ఎస్.ఆర్.ఎం. కోరునది స్వల్పము, స్పష్టము. డిస్కు తొలి ఖండములోని 512 బైట్లను ఎనిమిదేసి బైట్ల 64 పదములుగా ఎంచి, లోడరు ఎన్ని ఖండముల పొడవు, ఏ ఖండమున మొదలగును అనువానిని చివరి పదములలో చదువుకొని, మొదటి 63 పదముల మొత్తము 64వ పదముతో సరిపోయినదా అని చూచి, సరిపోయినచో ఎక్కించి వదలివేయును. ఎక్కించినది యూనిక్సా, లినక్సా అని అడుగదు. నాలుగు సంఖ్యలతో ముగిసిన ఈ ఒప్పందము చాల తెలివిగల ఫర్మ్‌వేర్లకంటె మేలైనదని నేను తలంతును, ఏలయనగా తక్కువ కోరువాడు క్రొత్తవారిని త్రిప్పిపంపడు.

ఆర్క్ అట్లు కాదు. ఆల్ఫాలో ప్రాసెసరునకును ఆపరేటింగ్ సిస్టమునకును నడుమ పాల్‌కోడ్ అను పొర ఒకటి కలదు. మెమరీ నిర్వహణ, అంతరాయముల పరిష్కారము వంటి అంతరంగ కార్యములు దాని అధీనమున ఉండును. యూనిక్సుకు ఒక పాల్‌కోడ్, ఎన్‌టికి వేరొకటి. లినక్సు యూనిక్సు పాల్‌కోడ్‌ను నమ్ముకొని వ్రాయబడినది, ఆర్క్ ఇచ్చునది ఎన్‌టిది. చౌకగా అమ్ముటకై ఎన్‌టికొరకే తయారైన కొన్ని నమూనాలలో ఎస్.ఆర్.ఎం. లేనే లేదు. అప్పుడు ఆ సంస్థలోనే పనిచేయుచున్న డేవిడ్ రస్లింగ్ మైలో అను చిన్న లోడరును రచించెను. ఆర్క్ దృష్టికి అది ఎన్‌టిని ఎక్కించు కార్యక్రమమువలె కనబడి లోపలికి ప్రవేశించి, ప్రవేశించిన పిదప తనవెంట తెచ్చిన పాల్‌కోడ్‌ను ప్రతిష్ఠించి, లినక్సు డ్రైవర్లతోనే డిస్కును చదివి కెర్నెలును పిలుచును. ఉపాయము రమ్యమే గాని వెల లేకపోలేదు: ఫర్మ్‌వేరు ఏమియు చెప్పనందున యంత్రపు నిర్మాణమంతయు మైలోకే తెలిసియుండవలెను, అనగా ఒక్కొక్క మదరుబోర్డుకు ఒక్కొక్క మైలో. తన బోర్డుకు తగిన మైలోను ఎవరును కూర్చనిచో యజమాని చేయగలిగినది లేదు.

సిలికాన్ గ్రాఫిక్స్‌వారి 1993 నాటి ఇండీ యంత్రము డిస్కు మొదట పదునైదు ఫైళ్లకు మించి పట్టని ఒక చిన్న పట్టికను ఉంచుకొని, ఎనిమిది అక్షరములలోపు పేరు గల ఫైలును అందుండి తీయును. దాని పాత ఫర్మ్‌వేరునకు ఎల్ఫ్ తెలియదు, ఈకాఫ్ అను వేరొక రూపము కావలెను. పాత 68000 జాతి మెకింటోషులలో ఆపిల్ ఆపరేటింగ్ సిస్టమునే ముందు మేలుకొల్పి, అందులోనుండి ఒక కార్యక్రమముచే దానిని త్రోసివేయించి లినక్సును గద్దెనెక్కింతురు. వీనిని ఇంతకంటె వివరింప పనిలేదు.

తెర పనిచేయని యంత్రముతో కూడ ఈ విద్య సాగునని మాత్రము చెప్పవలెను. సన్ యంత్రమునకు కీబోర్డు తగిలింపనిచో అది తన మాటలను వెనుకనున్న సీరియలు పోర్టుకు మరల్చును. సెకనుకు 9600 బిట్ల వేగమున మన ల్యాప్‌టాపుతో కలిపిన ‘ఓకే’ అచట పలుకును. కెర్నెలు సైతము తన డ్రైవర్లు సిద్ధమగు లోపల ఫర్మ్‌వేరు నోటితోనే తొలి వార్తలను చెప్పించుకొనగలదు; ఎచట ఆగిపోయినదో తెలియుటకు ఈ తొలి పంక్తులే ఆధారము.

నేను సన్ యంత్రములను మెచ్చుటకు అసలు కారణము వేరొకటి కలదు. ఓపెన్‌బూట్ తనను పిలిచిన కెర్నెలుకు యంత్రపు స్వరూపమును ఒక వృక్షముగా వర్ణించి ఇచ్చును: మూలమున యంత్రము, దానినుండి బస్సులు, బస్సులనుండి పరికరములు, ఒక్కొక్క పరికరమునకు దాని చిరునామా, దాని అంతరాయపు సంఖ్య. మైలో ముందే తెలిసియుండవలసినదానిని ఇచట కెర్నెలు చదివి తెలిసికొనుచున్నది. 1994లో ఈ పద్ధతి ఐ.ఇ.ఇ.ఇ. 1275 అను ప్రమాణముగా స్థిరపడినది. 2005 ప్రాంతమున పవర్‌పీసీ లినక్సు పోషకులు ఇట్టి ఫర్మ్‌వేరు లేని బోర్డులకు సైతము ఉపయోగించునట్లు ఈ వృక్షమును చిన్న ఫైలుగా అణచి కెర్నెలు చేతికి ఇచ్చుట నేర్చిరి. 2011లో ఆర్మ్ ప్రాసెసర్లకు ఒక్కొక్క బోర్డుకు ఒక్కొక్క వర్ణన కెర్నెలులోనే చేరి పెరిగిపోవుచుండ, టోర్వాల్డ్స్ విసుగును చూచి ఆర్మ్ వారును దీనినే చేపట్టిరి. ఈనాడు మిర్యాలగూడ మిల్లులో ధాన్యపు ధర చూచుకొను రైతు చేతిలోని ఆండ్రాయిడు ఫోను మేలుకొనునపుడు దాని లినక్సు కెర్నెలుకు అందు తొలి పత్రము ఆ వృక్షమే. స్పార్క్‌స్టేషన్లు పాతసామానులో కలిసినను వాని మాటతీరు ఇట్లు నిలిచినది.

కెర్నెలు వైపునుండి ద్వారములు మూసికొనుట కూడ జరుగుచున్నది. లినక్సు పుట్టిన 386 ప్రాసెసరునే 2013లో వెలువడిన 3.8 సంచికనుండి తొలగించిరి. తొలి స్పార్క్‌స్టేషన్ల సన్‌4సి జాతి అంతకు ముందు సంవత్సరముననే పోయినది. ఆల్ఫాలలో తొలి తరములవారికి 2024 జులైలో వచ్చిన 6.10 సంచికతో సెలవు లభించెను. దానికి కారణము నిర్లక్ష్యము కాదు. ఆ ప్రాసెసర్లకు ఒక్క బైటును మాత్రమే మెమరీలో వ్రాయు ఆదేశము లేదు. ఇరుగుపొరుగుతో కూడ ఎనిమిది బైట్లను చదివి, ఒకదానిని మార్చి, ఎనిమిదింటిని తిరిగి వ్రాయవలెను, ఆ నడిమి వ్యవధిలో మరియొకరు పొరుగు బైటును మార్చిన ఆ మార్పు చెరిగిపోవును. నేటి కెర్నెలు బైట్లను స్వతంత్రముగా మార్చవచ్చునని నమ్మి వ్రాయబడుచున్నది గనుక ఆ లోపమును కప్పిపుచ్చుట రానురాను దుస్సాధ్యమైనది. 21164ఏ మొదలుకొని బైటు ఆదేశములు కల ఆల్ఫాలకు ఈ నిషేధము లేదు. కావున పాతసామానులో ఆల్ఫా దొరికినవారు ముందుగా మూత విప్పి ప్రాసెసరుమీది సంఖ్యను చూచుకొని, అది 21064 ఐనచో 6.9కు మించని కెర్నెలును, అందును దీర్ఘకాల పోషణకై ఎన్నుకొనబడిన 6.6 శాఖను తీసికొనుట మంచిది.